సింహం దిక్కు ఇల్లు

మెట్‌పల్లిలో మేము కిరాయికి ఉన్న ఇళ్లన్నింటిలోనూ గోడలు ఇంటివాళ్లవి, గోడల మధ్య ఉన్న ఖాళీ మాత్రమే మాది. మొదటి ఇంటావిడ మేము సామాను దింపుతుండగానే వచ్చి, "గోడలకు మేకులు గొట్టద్దు" అని చెప్పిపోయింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా దేవుళ్లు నేలమీదే కూర్చున్నారు. క్యాలెండరు బియ్యం డబ్బాకు ఆనుకుని నిలబడింది. మా ఆయన కిటికీలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేవారు. ఆయన సగం గడ్డంతోనే అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పేవారు.

రెండో ఇంటావిడకు మేకుల పట్టింపు లేదు, కానీ మా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో ఆమెకు మాకంటే ముందే తెలియాలి. "ఇయ్యాల పచ్చిపులుసేనా, కూర లేదా?" అని గోడ అవతలి నుంచే అడిగేది. లేదంటే జాలిపడేది, ఉందంటే గిన్నె పంపేది. మూడో ఇంటాయన పెద్దమనిషి, ఏదీ అడిగేవాడు కాదు. కాకపోతే రాత్రి తొమ్మిదింటికి దర్వాజకు గొళ్లెం పెట్టి పడుకునేవాడు, ఆయన నిద్ర మామూలు నిద్ర కాదు. మొదటి ఆట సినిమాకు పోయి వచ్చి మేము అరుగు మీద తెల్లవార్లూ కూర్చున్నాక నాకు సినిమాల మీద కూడా విరక్తి పుట్టింది.

మా ఆయన రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా. పంట మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ పసుపు, ఎక్కడ ఒరిగితే అక్కడ పసుపు. ముగ్గురు ఇంటివాళ్లూ మాట కలుపుకున్నట్టు ఒకే మాట అనేవారు, "గోడకు ఒరగద్దని చెప్పు బిడ్డా మీ ఆయనకు." పగలంతా కాటా దగ్గర నిలబడి వచ్చిన మనిషిని, ఇంట్లో కూడా నిటారుగా కూర్చోమని చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. అందుకే నాకు ఒక కోరిక పట్టుకుంది. నా గోడకు నేను మేకు కొట్టుకోవాలి, మా ఆయన దానికి ఒరిగి కూర్చోవాలి, ఎవరూ మమ్మల్ని అడగకూడదు. బంగారం అడిగానా, బెనారసు చీర అడిగానా? ఒక ఇల్లు అడిగాను.

పాత బజారు వెనక ఉన్న ఆ ఇంటిని చూసింది నేనే. గూనపెంకుల ఇల్లు. ముందు రెండు అరుగులు, లోపల నాలుగు అర్రలు, వెనక చేదబావి, బావి పక్కన జామచెట్టు. దర్వాజ చెక్క మీద చిలకలు చెక్కి ఉన్నాయి, వాటి ముక్కులు మాత్రం ఎవరో పిల్లలు విరిచేశారు. ఏళ్ల తరబడి అమ్మకానికి ఉన్నా ఎవరూ కొనలేదు కాబట్టి ధర మా తాహతుకు దిగివచ్చింది. దాని సొంతదారు కోరుట్లలో రైసుమిల్లు పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఇల్లు చూపించడానికి వచ్చిన రోజు ఆయన నడింట్లో ఒకేచోట నిలబడి, ఇంటి గుణగణాలన్నీ అక్కడి నుంచే చెప్పాడు. "మూరెడు మందం గోడ అమ్మా. మా తాత కట్టించిండు. ఏనుగు గుద్దినా కదలది." ఆయన నీళ్లు తాగడానికి కదిలాక చూస్తే, ఆయన వీపు వెనక గోడలో బల్లి దూరేంత బీట ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. మేకు కొట్టాలంటే బీట ఉన్నచోట ఇంకా సులువు.

ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముడుపోలేదంటే, దాని దర్వాజ దక్షిణానికి ఉంది.

మా వైపు ఇల్లు కొనాలంటే ముందు డబ్బు చూసుకోరు, పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోతారు. "ఎవరి పేరు మీద వస్తది?" అన్నది మొదటి ప్రశ్న. ఆ లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతాను. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ప్రతి మనిషీ ఒక జంతువు అవుతాడు. ప్రతి జంతువుకూ ఒక దిక్కు సొంతం, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న దిక్కు దాని పగవాడిది. ఉత్తరం ఏనుగుది, దక్షిణం సింహానిది. ఏనుగు పేరున్నవాడు సింహం దిక్కు ఇల్లు కొంటే, అడవిలో ఏమవుతుందో అదే అవుతుంది. అందుకని ఇంట్లో ఎవరి పేరు సరిపోతే వాళ్ల పేరు మీద రిజిస్ట్రీ చేయిస్తారు. అప్పు చేసేది ఒకరు, యజమాని ఇంకొకరు. పాలు తాగే పిల్లల పేరు మీద ఇళ్లున్నవాళ్లు మా బజారులోనే ఉండేవారు.

అయ్యగారు పంచాంగం విప్పకుండానే మా ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "నీది ఏనుగు. గీ ఇల్లు నీకు పనికిరాదు."

మా ఆయన ఎంత సన్నగా ఉంటారంటే, పసుపు బస్తాల మధ్య నిలబడితే అడ్తి సేటు ఆయన్ని రెండుసార్లు పిలిచి వెతుక్కునేవాడు. అలాంటి మనిషి ఏనుగని తెలిసి నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నిజంగానే బరువెక్కినట్టు కూర్చున్నారు.

"మరి మా ఇంటామె పేరు మీద?" అని అడిగారు.

"ఎలుక. పగ లేదు గని కర్సు బాగైతది."

"కర్సు ఏ ఇంట్ల కాదు అయ్యగారూ?" అన్నాను నేను. అయ్యగారు నావైపు చూడలేదు. ఆడవాళ్ల ప్రశ్నలకు పంచాంగంలో జవాబులుండవు కాబోలు.

కొడుకుకు తాత పేరు పెట్టుకున్నాం, వాడూ ఏనుగే. కూతురు పాము. పాముకు ఈ ఇంట్లో ఆరోగ్యం బాగుండదట. ఇంటికి వచ్చి మా ఆయన చుట్టాలందరినీ ఒక్కొక్కరినీ జంతువులుగా మార్చుకుంటూ కూర్చున్నారు. మేనమామ పిల్లి. చిన్నాయన కుక్క, పైగా ఆయనతో మాటల్లేవు. రెండు రోజులు మా ఇల్లు సర్కసు డేరాలాగా ఉంది, ఒక్క సింహం మాత్రం దొరకలేదు. మూడోనాడు అన్నం తింటూ తింటూ ఆయన చెయ్యి గాల్లో ఆపి అన్నారు. "అవ్వది సింహం."

నా చేతిలో గరిటె కూడా గాల్లోనే ఆగింది.

ఆయన అవ్వ, అంటే మా అత్తగారు, అప్పుడు ఆదిలాబాదు అవతల, పెన్‌గంగ ఒడ్డు ఊళ్లో, మా బావగారి దగ్గర ఉండేది. ఆ ఊళ్లో సగం మాట మరాఠీ, సగం తెలుగు. ఆమె జొన్నరొట్టెను బాకర అనేది, నేను చేసిన దాన్ని మాత్రం అట్ట అనేది. ఏడాదికోసారి నాలుగు రోజుల కోసం మా ఇంటికి వచ్చేది. ఆ నాలుగు రోజుల్లో నా చింతపండు, నా చీపురు, నేను పిల్లలకు తల దువ్వే తీరు, అన్నింటినీ సరిచేసి పోయేది. మా ఇద్దరికీ పెద్ద కొట్లాట ఎప్పుడూ కాలేదు. ఆమె అనేది, నేను గిన్నెలు గట్టిగా కడిగేదాన్ని. అలాంటి మనిషిని ఇంటి యజమానిని చెయ్యమంటారు. ముగ్గురు ఇంటివాళ్ల చేతుల్లో పడి లేచిన నాకు నాలుగో యజమానిగా స్వయంగా అత్తగారు.

"ఇంకెవ్వరు లేరా? జర సోంచాయించుండ్రి" అన్నాను.

"కాగితం మీదనేనే" అన్నారు మా ఆయన. "ఆమె గాడ ఉంటది, మనం గీడ ఉంటం. ఆమెకు పేరు, మనకు ఇల్లు."

అది విని నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. బావగారితో కూడా మాట అయిపోయింది. పెద్దమనుషుల ముందు ఊళ్లో భూమి ఆయనకు, ఇక్కడ కొనే ఇల్లు మాకు అని తేల్చుకున్నారు. కోరుట్ల ఆయనకు బయానా ఇచ్చేసి, అత్తగారిని తీసుకురావడానికి మా ఆయన బస్సెక్కారు.

ఆమె ఎప్పటిలాగే నాలుగు రోజుల సంచితో దిగింది. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే బస్సు కిటికీలోంచి నదిలోకి పైస విసిరి దండం పెట్టుకుందట. ఆ తరువాత దారంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదని మా ఆయన ఆశ్చర్యపోతూ చెప్పారు. ఆమె పుట్టిల్లు గోదావరికి ఈ వైపే, మెట్‌పల్లికి దగ్గరి పల్లె. అక్కడ ఎవరూ మిగల్లేదని పెళ్లయ్యాక పెద్దగా పోయింది లేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పల్లె పేరు ఒకసారి అనేది, మేము విని ఊరుకునేవాళ్లం.

రాత్రి మా ఆయన సింహం సంగతంతా వివరించారు. ఆమె రొట్టె తుంచుకుంటూ విన్నది.

"అంటె ఇల్లు నాది" అంది చివరికి.

"పేరు నీది అవ్వా."

"గదే, నాది" అని నావైపు తిరిగి, "జర ఉప్పు పెట్టాలె పిల్లా గీ అట్టల" అంది.

తెల్లారి రిజిస్ట్రీ. ఆఫీసు ముందు రేకుల షెడ్డు కింద రైటర్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పత్రం రాసేది వాళ్లే, సారు లోపల సంతకం మాత్రం పెడతాడు. ఆ రోజు మార్కెట్ వారం, ఆ వీధి అంతా పసుపు బండ్లు. దుర్ముహూర్తం రాకముందే పని ముగించాలని మా ఆయన, మిల్లు దగ్గరికి పోవాలని కోరుట్ల ఆయన, ఇద్దరూ రైటర్ నెత్తి మీద నిలబడ్డారు. ఆయన మాత్రం బీడీ ముట్టించుకుని, కలం దులుపుకుని, నింపాదిగా అడిగాడు.

"కొనేటామె పేరు?"

మా అత్తగారి పేరు మా ఆయనే చెప్పారు. మాకందరికీ తెలిసిన పేరు, రేషన్ కార్డులో ఉన్న పేరు, సింహం పేరు.

రైటర్ రాయలేదు. "ఆమె నోట్లకెళ్లి రావాలె. లోపల సారు అడిగినప్పుడు ఇంకోటి చెప్తె నాకు పరేషాన్. చెప్పమ్మా, నీ పేరేంది?"

అత్తగారు కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒక పేరు చెప్పింది. మేము ఎప్పుడూ వినని పేరు.

మా ఆయన నవ్వారు. "అవ్వా, నీ పేరు అడుగుతున్నడు."

"నా పేరే చెప్పిన."

"నీ పేరు గది గాదు గదా."

"నాకు పేరు పెట్టినప్పుడు నువ్వున్నవారా? మా బాపు పెట్టిండు గా పేరు." ఆమె రైటర్ వైపు తిరిగి, ఈ కొడుకు కంటే అతనికే బాగా అర్థమవుతుందన్నట్టు చెప్పుకొచ్చింది. "వీళ్లు చెప్పే పేరు పెండ్లినాడు పెట్టింది సారూ. అటు దిక్కు గట్లనే మారుస్తరు. పళ్లెంల బియ్యం పోసి వీళ్ల నాయన వేలుతోని రాసిండు. నాకు సదువు రాదు, ఏం రాసిండో తెల్వది. తెల్లారి అందరు గట్ల పిలుస్తుంటె గదే నా పేరని సమజైంది. గా బియ్యం తెల్లారి వండిండ్రు. నేను గూడ తిన్న."

రైటర్ బీడీ ఆరిపోయింది. పెన్‌గంగ వైపు కోడలి పేరు మారుస్తారని నాకు తెలుసు, అత్తగారికి మారి ఉంటుందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. అత్తగారికి పేరనేది ఒకటి ఉంటుందనే తట్టలేదు. మాకు ఆమె అవ్వ, అత్తమ్మ, నానమ్మ. రేషన్ కార్డులో మాత్రమే ఇంకేదో.

మా ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని తెల్లబోయారు. "అవ్వా, గా పేరు ఏనుగైతది."

"ఐతె కానీ."

"ఏనుగుకు సింహం ఇల్లు పనికిరాదే. నాకు పనికిరాకనే గదా నిన్ను తోలుకొచ్చింది. ఇయ్యాల ఒక్కనాడు గా పేరు చెప్పు. నీకేం పోతది?"

"నీకేం పోతది గిది రాస్తె?"

చుట్టూ జనం మూగారు. పక్క బల్లల మీది పత్రాలు కూడా ఆగిపోయాయి. ఒకాయన ఏనుగు బలం పెద్దదన్నాడు, ఇంకొకాయన సింహం ముందు ఏ బలమూ నిలవదన్నాడు. తన ఇంటి గురించి అడవి జంతువుల పంచాయితీ జరుగుతుంటే కోరుట్ల ఆయన మొహం పాలిపోయింది. "జల్ది తేల్చుండ్రి. మీకొద్దంటె బయానా ఇచ్చేది లేదు, ఇల్లు ఇంకొకలకు చెప్పుకుంట" అన్నాడు. మా ఆయన ఒక కాలు ముందుకు వేసి, ఒక కాలు వెనక్కి వేసి, నిలబడ్డచోటే నడుస్తున్నారు. "వద్దు, ఇయ్యాల ఆపుదాం. అయ్యగార్ని అడిగి మల్ల వస్తం" అన్నారు.

ఆయన అయ్యగారి దగ్గరికి పోతే ఇల్లు పోయినట్టే. మళ్లీ కిరాయి, మళ్లీ గోడకు ఒరగద్దనే మాట, మళ్లీ నేలమీది దేవుళ్లు. అప్పటిదాకా ఆడవాళ్లు నిలబడే మూల నుంచి చూస్తున్న నేను బల్ల దగ్గరికి పోయాను.

"ఆమె చెప్పిన పేరే రాయుండ్రి" అన్నాను రైటర్‌తో.

అత్తగారు నావైపు చూసింది. ఆ చూపు నా రొట్టె మీద ఎప్పుడూ పడలేదు. నేను ఆమె కోసం అన్నానని అనుకుంది పాపం. నేను ఇంటి కోసం అన్నాను.

మా ఆయన నోరు తెరిచేలోగా రైటర్ ఇంకో అడ్డం వేశాడు. "రాస్త గని, గా పేరున్నామె గీమెనే అని తెలిసిన ఇద్దరు సాక్షులు గావాలె. మీరు తెచ్చిన సాక్షులకు గా పేరే తెల్వకపాయె."

మా ఆయనకు ఊపిరి వచ్చింది. పెన్‌గంగ ఒడ్డున యాభై ఏళ్లు ఇంకో పేరుతో బతికిన మనిషికి, మెట్‌పల్లిలో ఈ పేరుతో సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు? ఆయన నిమ్మళంగా బల్ల మీద కూర్చున్నారు కూడా. అత్తగారు కొంగు నడుముకు చెక్కుకుని షెడ్డు దాటి బండ్ల మధ్యకు పోయింది. ఒక బండి దగ్గర ఆగి ఏ ఊరని అడిగింది, ఇంకో బండి దగ్గర ఆగి అడిగింది, తరువాత కనిపించలేదు. కోరుట్ల ఆయన గడియారం చూసుకున్నాడు. మా ఆయన కూడా చూసుకున్నారు, కానీ సంతోషంగా.

వచ్చేటప్పుడు ఆమె వెంట ఇద్దరు ముసలాళ్లు ఉన్నారు. మోచేతుల దాకా పసుపు. మార్కెట్‌కు పంట తెచ్చిన ఆమె పుట్టింటి ఊరివాళ్లు. ఇద్దరిలో పెద్దాయన నడుస్తూనే ఆమెను గట్టిగా తిడుతున్నాడు. పేరు పెట్టి, చిన్నపిల్లను పిలిచినట్టు తోక తగిలించి పిలుస్తూ. "ఇన్నేండ్లకు యాదికొచ్చినమానే? పోయినప్పుడు గింతున్నవ్, ఇప్పుడు ముసల్దానివై వచ్చినవ్. మా వాగుల తోడిన చెలిమెల పడ్డది నువ్వే గదా? నిన్ను తీసింది నేనే గదా?"

"నువ్వు తియ్యలే. నువ్వే తోసినవ్" అంది అత్తగారు.

రైటర్ కలం ముంచాడు. అంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఉండదు. ఒకాయన సంతకం పెట్టాడు, చెలిమె ఆయన వేలిముద్ర వేశాడు. ఆయన వేలికి ఇంకు అంటడానికి పసుపు కడుక్కోవాల్సి వచ్చింది. దుర్ముహూర్తం పది అడుగుల దూరంలో ఉండగా ఇల్లు మా అత్తగారిదైంది.

మా ఆయన ఇంటికి రాకుండా నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, ఆయన్ని వెంటబెట్టుకునే వచ్చారు. అయ్యగారు కొత్త పేరు విని పంచాంగం విప్పారు, ఈసారి నిజంగానే విప్పారు. చాలాసేపు చూసి చెప్పారు. "గీ పేరున్న మనిషి గీ ఇంట్ల నిలువది. ఆర్నెల్లు గూడ నిలువది."

ఆ మాటతో ఆయన మాకు ఎంత నష్టం చేశారో ఆయనకు తెలియదు. అత్తగారు అప్పటికే సంచి సర్దుకుని ఉంది. పాలు పొంగించి ఇల్లు చొచ్చిన తెల్లారే బస్సుకు పోతానని తనే అన్నది. అయ్యగారి మాట విని సంచిలోంచి చీరలు తీసి, ఒక్కొక్కటే దులిపి, దండెం మీద వేసింది.

"ఎట్ల నిలువనో చూస్త" అంది.

అలా మా అత్తగారు నిలిచింది. ఆరునెలలు దాటిన రోజున పరమాన్నం చేయించి అయ్యగారికి గిన్నెలో పంపింది. ఆయన తిన్నారని తెలిసి ఇంకో ఆరునెలలు నిలవడానికి ఆమెకు ఉత్సాహం వచ్చింది.

నేను మొదటి మేకు కొట్టినరోజు సంగతి చెప్పాలి. నడింట్లో, ఆ బీట పక్కన, సుత్తెతో రెండు దెబ్బలు వేశానో లేదో బావి దగ్గరి నుంచి గొంతు వచ్చింది. "నా గోడకు ఎవలు మేకు గొడుతున్నరు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సుత్తె పట్టుకునే బావి దగ్గరికి పోయాను. "నేనే కొడుతున్న అత్తమ్మా. మీ గోడకే."

ఆమె చేద పక్కన పెట్టి లోపలికి వచ్చింది. మేకు చూసింది. దాన్ని వేలితో ఊపి, "గీడ కొడితె ఆగుతదా? పెళ్లలు రాలుతున్నయ్. జర పైకి కొట్టు" అని నా చేతిలో సుత్తె లాక్కుని తనే కొట్టింది. ఆ తరువాత మా ఇంట్లో ప్రతి మేకూ ఆమె చూపిన చోటే పడింది. మా ఆయన మాత్రం ఏ గోడకు కావాలంటే ఆ గోడకు ఒరిగారు. నాలుగు అర్రల్లోనూ ఆయన వీపు గుర్తులున్నాయి. ఆమె కొడుకు కాబట్టి యజమాని ఏమీ అనలేదు.

ఇంత చెప్పినా ఆ పేరు ఇంట్లో మళ్లీ ఎవరి నోటా రాలేదు. ఎలా వస్తుంది? కొడుకు తల్లిని పేరు పెట్టి పిలవడు, కోడలు అసలే పిలవదు, పిల్లలకు నానమ్మ. బజారులో ఆమె పసుపు గుమస్తా వాళ్ల అవ్వ. చెలిమె ఆయన మరుసటి పంటకు రాలేదు. పోయాడని తెలిసి ఆమె ఆ పూట అన్నం తినలేదు. పేరు పత్రంలో ఉంది, పత్రం ట్రంకుపెట్టెలో ఉంది.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం వాకిట్లో ఎవరో నిలబడి ఒక పేరు పెట్టి గట్టిగా పిలిచారు. నేను బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "గా పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరు" అన్నాను. ఎదురింటామె కూడా అదే చెప్పింది.

వెనక జామచెట్టు కింది నుంచి అత్తగారు వచ్చింది. పరుగు కాదు కానీ, ఆమె మోకాళ్లకు అది పరుగే. "ఉన్న. నేనే" అంది.

ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్. చేతిలో కాగితం చూసి ఆయన ఇంకోసారి ఆ పేరు చదివాడు, ఇంటిపేరుతో సహా. ఆమె ఇంకోసారి "నేనే" అంది. పన్ను కట్టి, ఆయనకు చాయ్ పెట్టించి, అరుగు మీద కూర్చోబెట్టి, వానలు, పంటలు, ఆయన పిల్లలు, అన్నీ మాట్లాడింది. పన్ను వసూలుకు వచ్చినవాడికి చాయ్ ఇచ్చిన ఇల్లు మెట్‌పల్లిలో మాది ఒక్కటే అయి ఉంటుంది. పోతూ పోతూ ఆయన, వస్తానమ్మా అని పేరు కలిపి చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది, నేను కొనుక్కున్న ఇల్లు వేరు, ఆమె కొనుక్కున్నది వేరు అని. చేటలో బియ్యం అలాగే ఉండిపోయాయి. నాకు ఏడుపు వచ్చింది.

మా ఆయనకు ఇవేవీ పట్టవు. మరుసటి ఏడు, ఎందుకు వాళ్లను తిప్పించుకోవడమని, తనే ఆఫీసుకు పోయి పన్ను ముందుగా కట్టి వచ్చారు. పెద్ద ఘనకార్యం చేసినట్టు రసీదు తల్లికి చూపించారు. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నది ఒక్కటే. "నా ఇంటి పన్ను నేను కడుత. ఆయన ఒస్తడు, పిలుస్తడు, నేను కడుత. నువ్వెవనివిరా నడుమ?" ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు, కొన్ని విషయాలు ఏనుగులకు చెప్పినా తెలియవు.

ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ బిల్ కలెక్టర్ వచ్చాడు, పిలిచాడు, చాయ్ తాగాడు. ఆమెకు చూపు మందగించింది, వినికిడి కూడా కొంత తగ్గింది. ఒక ఏడు పాతాయన స్థానంలో కొత్తాయన వచ్చాడు, నడివయసు మనిషి, తొందర మనిషి. అరుగు కూడా ఎక్కకుండా వీధిలోంచే, "ఇంటి పన్ను అమ్మా" అన్నాడు. అత్తగారు నడింట్లో గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఆ మాట విన్నది, కదల్లేదు. నేను కొంగున ఉన్న పైసలు విప్పబోయి ఆగాను.

"కాగితంల పేరు ఎవరిదున్నది?" అని అడిగాను.

"మీ ఇంటిదేనమ్మా. మీరు ఇచ్చినా సరే."

"నేను గాదు గా పేరామె. మీరు పేరు పెట్టి పిలువుండ్రి, ఆమెనే ఒస్తది. జర గట్టిగ పిలువుండ్రి, సరిగ ఇనపడది."

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని, బజారంతా వినపడేలా మా అత్తగారి పేరు పిలిచాడు.